టెలిఫోన్ డైరెక్టరీ - గోప్యత: విజయవాడ ఆటోనగర్ నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

టెలిఫోన్ డైరెక్టరీలో పేరు ఉండటం ఒకప్పుడు గౌరవ చిహ్నం. కోరి పేరు తీయించుకోవడం అధికారానికో భయానికో గుర్తు. ఈ రెండు స్థితుల మధ్య తెలుగు సమాజంలో ‘గుట్టు’ అనే భావన ఎలా మారుతూ వచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. డైరెక్టరీకి సంబంధించిన నియమాలు పట్టికపై శాఖకున్న హక్కును కాపాడాయి. పేరుపై చందాదారుకు ఉండవలసిన హక్కును అవి పట్టించుకోలేదు. ముద్రిత డైరెక్టరీ కనుమరుగైన తరువాత కూడా ఈ లోటు కొనసాగుతున్నదని, ఒకే నంబరుతో బతుకుతెరువునూ ఇంటినీ నడుపుకొనే ఆటోనగర్ వంటి శ్రామికవాడలో అది స్పష్టంగా కనబడుతుందని ఇక్కడి ప్రతిపాదన.

కీలక పదాలు: టెలిఫోన్ డైరెక్టరీ, గుట్టు, గోప్యత, ఇంటిపేరు, పి.పి. నంబరు, ఆటోనగర్.

1. ప్రస్తావన

పేర్ల పట్టికలు తెలుగువారికి కొత్త కాదు. దానశాసనాలలోని ప్రతిగ్రహీతల జాబితాలు, వంశావళులు, కైఫీయత్తులలోని కరణాల, మిరాశీదారుల పేర్లు సాహిత్య పరిశోధకులకు పరిచితమైన ఆధారాలే. ఈ పట్టికలన్నింటిలోనూ ఒక సామ్యం ఉంది. ఎవరి పేరు ఎక్కాలో, ఏ వరుసలో ఎక్కాలో నిర్ణయించే అధికారం ఆ పేరు గలవారి చేతిలో ఉండదు. పట్టిక రాయించినవారి చేతిలో ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దపు టెలిఫోన్ డైరెక్టరీ ఈ పరంపరలోని చివరి ముద్రిత రూపం. దీనిని కేవలం ఉపయోగ గ్రంథంగా భావించి సాహిత్య చరిత్ర పక్కన పెట్టింది. అయితే నామవిజ్ఞానం, సామాజిక చరిత్ర, న్యాయచరిత్ర ఒకే పుటలో కలిసే అరుదైన చోట్లలో ఇదొకటి.

1878లో అమెరికాలోని న్యూహేవెన్ పట్టణంలో వెలువడిన తొలి డైరెక్టరీ ఒకే ఒక కాగితం. దానిలో యాభై పేర్లున్నాయి, నంబర్లు లేవు. పేరు చెబితే ఎక్స్‌ఛేంజిలోని ఉద్యోగి కలిపేవాడు. ఉద్యోగి జ్ఞాపకానికి బదులుగా తరువాతి కాలంలో నంబరు వచ్చింది. అంటే చందాదారును ఎరుగని మనిషి కూడా అతనిని పిలవగలగడమే నంబరు చేసిన పని. అపరిచితుడు ఇంటిలోకి పిలుపు పంపగల ఈ వీలు నుండే, నంబరు దాచుకోవాలన్న కోరిక కూడా పుట్టింది. భారతదేశంలో 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో ఎక్స్‌ఛేంజీలు ప్రారంభమయ్యాయి. మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న కృష్ణా డెల్టాకు ఈ సాధనం ఆ నగరం మీదుగానే పరిచయమయింది.

2. గుట్టు, గోప్యత: పదాల వెనుక భావాలు

ఇప్పుడు చట్టపరమైన చర్చలలో వాడుతున్న ‘గోప్యత’ సంస్కృత సమం. నీతి సంప్రదాయం తొమ్మిది విషయాలను గోప్యాలుగా చెప్పింది: ఆయుష్షు, ధనం, ఇంటి లొసుగు, మంత్రం, మందు, సంగమం, దానం, మానం, అవమానం. ఈ తొమ్మిదింటిలో పేరు లేదు, ఉనికిపట్టు లేదు. ఊరిలో ప్రతివారి పేరూ ఇల్లూ అందరికీ తెలిసిన కాలంలో వాటిని దాచవలసిన అవసరమే లేదు.

దేశ్యమైన ‘గుట్టు’ స్వభావం వేరు. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అన్న సామెతలో గుట్టుకు యజమాని వ్యక్తి కాదు, ఇల్లు. ‘గుట్టుగా బతకడం’ అంటే కుటుంబం తన లోటుపాట్లను వీధిన పడనీయకుండా కాపురం నెట్టుకురావడం. గుట్టు రట్టయితే పోయేది ఇంటి పరువు. కాబట్టి తెలుగు సమాజానికి దాపరికం తెలియదనడం తప్పు. దానికి తెలిసిన దాపరికం ప్రధానంగా సామూహికం. ఆ గుట్టును కాపాడే భారం స్త్రీల మీద ఎక్కువగా పడిందన్నది కూడా గమనించాలి. వ్యక్తి తన సమాచారంపై తానే నిర్ణేత అన్న భావనకు ‘గోప్యతా హక్కు’ అన్న సమాసం ఇటీవలి కాలంలోనే స్థిరపడింది.

టెలిఫోను ఈ రెండు భావాల నడుమ ప్రవేశించింది. పరికరం ఇంటికి చెందినది. డైరెక్టరీలో పేరు సాధారణంగా ఇంటి యజమానిది. ఇంట్లో ఎందరు మాట్లాడినా ముద్రణలో కనిపించేది ఒక్కరే. గుట్టులాగానే నంబరు కూడా ఇంటిదయింది.

3. పట్టిక ఎవరిది?

స్వాతంత్ర్యానంతరం టెలిఫోను తంతి తపాలా శాఖ అధీనంలో, 1985 తరువాత టెలికం శాఖ అధీనంలో ఉంది. కనెక్షను కోసం ఏళ్ల తరబడి వేచి ఉండటం ఆ కాలపు సాధారణానుభవం. అటువంటి రోజుల్లో డైరెక్టరీలో పేరు అచ్చు కావడమంటే పట్టణ ప్రముఖుల సరసన చేరడమే. వేచి చూసే జాబితా దాటి అచ్చు జాబితాలోకి చేరినవానికి పేరు దాచుకోవాలన్న ఆలోచన సహజంగా రాదు.

కోరినవారి నంబరును ముద్రించకుండా ఉంచే ఏర్పాటు మన దేశంలోనూ ఉండేది. అయితే ముద్రణే నియమం, మినహాయింపు ఒక సౌకర్యం. అమెరికాలో టెలిఫోను కంపెనీలు ఈ మినహాయింపుకు నెలనెలా అదనపు రుసుము వసూలు చేశాయి. అక్కడ డబ్బు చెల్లించినవారికి దక్కిన దాపరికం ఇక్కడ ఎక్కువగా హోదాతో ముడిపడింది. విచారణ కోసం 197కు ఫోను చేసేవానికి పేరు చెబితే నంబరు దొరికేది. దొరకని నంబరు సామాన్యుని ఊహలో పెద్దవారిదే.

ఈ విషయంలో చట్టం ఎటు నిలిచిందో తెలుసుకోవడానికి 1951 నాటి టెలిగ్రాఫ్ నియమాలలోని 458వ నియమం కీలకం. తంతి అధికారుల అనుమతి లేకుండా ఎవరూ టెలిఫోను చందాదారుల జాబితాను ప్రచురించరాదని దాని సారాంశం. పైకి ఇది చందాదారులను కాపాడే నియమంలా కనిపిస్తుంది. దీని ఉద్దేశం ఏమిటో 1995లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చిన టాటా ప్రెస్ వ్యాజ్యంలో తేటతెల్లమయింది. టాటా ప్రెస్ సంస్థ ప్రకటనలతో కూడిన పసుపు పుటల సంకలనాన్ని ప్రచురించగా, మహానగర్ టెలిఫోన్ నిగమ్ ఆ నియమాన్ని చూపి అడ్డుచెప్పింది. చెల్లించి ఇచ్చిన ప్రకటనల సంకలనం చందాదారుల జాబితా కాదని, వాణిజ్య ప్రకటన కూడా భావప్రకటనా స్వేచ్ఛలో భాగమేనని న్యాయస్థానం నిర్ణయించింది. చందాదారుల తెల్ల పుటల జాబితాపై శాఖాపరమైన గుత్తాధికారం మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ వివాదంలో ఒకవైపు ప్రచురణకర్త హక్కు, మరొకవైపు ప్రభుత్వ సంస్థ హక్కు నిలిచాయి. జాబితాలో పేరున్న లక్షలాది చందాదారులు వాదులు కారు, ప్రతివాదులు కారు. 1991లో అమెరికా సుప్రీంకోర్టు ఫైస్ట్ వ్యాజ్యంలో తెల్ల పుటల అకారాది జాబితాకు కాపీహక్కు వర్తించదని తీర్పు చెప్పినప్పుడు కూడా ఇదే జరిగింది. జాబితా ఎవరి సొత్తన్నదే రెండు దేశాలలోనూ ప్రశ్న. పేరు ఎవరి సొత్తన్న ప్రశ్న ఎవరూ వేయలేదు.

4. ఇంటిపేరు, పొడి అక్షరాలు

డైరెక్టరీ ఏ పేరును ఎలా చూపిందన్నది తెలుగు పరిశోధకులు ప్రత్యేకంగా ఆలోచించవలసిన విషయం. పాశ్చాత్య దేశాలలో ఒంటరిగా నివసించే స్త్రీలు తమ పేరును పొడి అక్షరంగా కుదించి, వంశనామాన్ని పూర్తిగా ఇచ్చేవారు. చదివేవారికి స్త్రీయో పురుషుడో తెలియకుండా ఉండటం దాని ఉద్దేశం.

తెలుగు నామనిర్మాణంలో ఈ ఉపాయం తలకిందులవుతుంది. మన వాడుకలో పొడి అక్షరంగా కుదించేది ఇంటిపేరును, పూర్తిగా నిలిచేది వ్యక్తినామం. స్త్రీ పేరులోని ‘అమ్మ’, ‘లక్ష్మి’, ‘కుమారి’ వంటి ఉత్తరపదాలు పట్టికలో దాగవు. దానికి విరుద్ధంగా ఇంటిపేరు పూర్తిగా అచ్చయితే మరో సంగతి బయటపడుతుంది. తెలుగు ఇంటిపేర్లలో అనేకం గ్రామనామాలు. ఇంటిపేరు, దానికి తోడు పేరు చివరి పదం కలిస్తే పూర్వుల ఊరు, చాలా సందర్భాలలో కులం కూడా ఊహించవచ్చు. చిరునామా పక్కనే ఉంటుంది కనుక ఒక్క పంక్తిలో మనిషి సామాజిక స్థానమంతా తెలిసిపోతుంది. అద్దె ఇల్లు వెతుక్కునేవారికి, కులాంతర వివాహం చేసుకున్నవారికి, ఊరు విడిచి పట్నం చేరిన దళిత కుటుంబాలకు ఇది సామాన్యమైన విషయం కాదు. డైరెక్టరీలో ‘కె’ అన్న ఒక్క అక్షరం కింద ఎన్నో ఇంటిపేర్లు తలదాచుకోగలిగాయి. ఎవరూ పథకం వేయకుండానే తెలుగు నామసంప్రదాయం కల్పించిన చిన్న మరుగు ఇది.

5. ఆటోనగర్: ప్రచురణే జీవనాధారం

విజయవాడ తూర్పున, పటమట - కానూరుల మధ్య 1960ల దశకంలో రూపుదిద్దుకున్న జవహర్ ఆటోనగర్ దాపరికానికి దాదాపు వ్యతిరేకార్థంగా కనిపిస్తుంది. చెన్నై - కోల్‌కతా రహదారి, హైదరాబాదు - మచిలీపట్నం రహదారి కలిసే ఈ నగరానికి లారీలే ఆయువుపట్టు. ఆ లారీల బాడీలు కట్టేవారు, టింకరింగు, లేత్, వెల్డింగు, పెయింటింగు పనివారు, కమాన్లు, రేడియేటర్లు, డీజిలు పంపులు బాగుచేసేవారు, విడిభాగాలు అమ్మేవారు వీధుల వారీగా స్థిరపడ్డారు. ఇక్కడ షట్టరు మీద, గోడ మీద, రేకు బోర్డు మీద పేరుతో పాటు నంబరు రాసి ఉండటం ఆచారం. రహదారి మీద బండి ఆగిపోయిన డ్రైవరుకు గుర్తుండవలసింది ఆ నంబరే. అది తెలియకపోతే పని లేదు. ఆటోనగర్ గోడలన్నీ కలిపి చదివితే వృత్తుల వారీగా కూర్చిన ఒక బహిరంగ డైరెక్టరీ అవుతుంది. తేడా ఒక్కటే: ఇందులో ప్రతి పేరునూ దాని యజమాని స్వయంగా రాయించుకున్నాడు. ఏ పేరు, ఎంత పెద్ద అక్షరాలలో, ఏ పని పక్కన కనిపించాలో అతనిదే నిర్ణయం.

ల్యాండ్‌లైను కాలంలో ఈ ప్రకటనకు సహజమైన ఎల్ల ఉండేది. షెడ్డు నంబరు షెడ్డుకే చెందేది. సాయంత్రం షట్టరు దించగానే పిలుపు కూడా అక్కడే ఆగిపోయేది. సొంత ఫోను లేని మేస్త్రీలకు, పనివారికి ‘పి.పి.’ నంబరు ఉండేది. శుభలేఖల మీద, విజిటింగు కార్డుల మీద నంబరు పక్కన ‘పి.పి.’ అని రాసి ఉంటే ఆ ఫోను పొరుగువారిదని, వారు కబురు అందిస్తారని అర్థం. డైరెక్టరీలో ఒక్క పేరే ఉన్నా ఆ నంబరు మీద ఒక వీధి ఆధారపడేది. ఈ పద్ధతిలో గోప్యత తక్కువే. ఎవరికి ఏ ఊరి నుండి ఫోను వచ్చిందో పొరుగింటికి తెలిసేది. అయినా మధ్యలో ఒక మనిషి ఉన్నాడు. పిలిచేది ఎవరో అడిగేవాడు, లేడని చెప్పగలిగేవాడు, వేళకాని వేళ పిలవవద్దనేవాడు. సామూహికమైన గుట్టు ఇక్కడ కావలి కాసింది.

చరవాణి ఈ ఎల్లను చెరిపివేసింది. బోర్డు మీద రాసిన నంబరే ఇంట్లో మోగుతుంది. ఆ నంబరే బ్యాంకు ఖాతాకు, గ్యాసు కనెక్షనుకు, పిల్లల బడికి, చెల్లింపుల యాప్‌కు అనుసంధానమై ఉంటుంది. వ్యాపారం కోసం బయటపెట్టక తప్పని సంఖ్య, మోసగానికి దొరకకూడని సంఖ్య ఒక్కటే అయ్యాయి. డైరెక్టరీలో పేరు ఉంచాలా, తీయించాలా అన్న పాత ప్రశ్నకు ఈ స్థితిలో అర్థం లేదు. మేస్త్రికి రెండూ కావాలి.

6. న్యాయచరిత్రలో తెలుగు జాడలు

గోప్యతను హక్కుగా గుర్తించే క్రమంలో తెలుగువారి పాత్ర గణనీయం. 1962లో ఖరక్ సింగ్ వ్యాజ్యంలో పోలీసు నిఘాపై తీర్పు చెబుతూ, గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని అధిక సంఖ్యాక న్యాయమూర్తులు భావించారు. రాజమండ్రిలో జన్మించిన న్యాయమూర్తి కోకా సుబ్బారావు భిన్నాభిప్రాయం వెలిబుచ్చుతూ వ్యక్తిగత స్వేచ్ఛలో గోప్యత అంతర్భాగమని పేర్కొన్నారు. 1994లో రాజగోపాల్ వ్యాజ్యంలో న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి రాసిన తీర్పు, తన మానాన తనను ఉండనిచ్చే హక్కును జీవించే హక్కులో చేర్చింది. అయితే ఒకసారి బహిరంగ పత్రాలకెక్కిన విషయానికి ఆ రక్షణ నిలవదన్న పరిమితిని కూడా ఆ తీర్పే విధించింది. శాఖ అచ్చు వేసి పంచిన డైరెక్టరీని ఈ తర్కంతో చూస్తే, అందులో ముద్రితమైన పేరుపై చందాదారుకు మిగిలేది స్వల్పం.

1996లో పౌరహక్కుల ప్రజాసంఘం వ్యాజ్యంలో ఫోను సంభాషణ గోప్యతా హక్కు కిందకు వస్తుందని సుప్రీంకోర్టు ప్రకటించింది. టాటా ప్రెస్ తీర్పు రాసిన న్యాయమూర్తి కుల్‌దీప్ సింగ్ దీనినీ రాశారు. పదహారు నెలల వ్యవధిలో వెలువడిన ఈ రెండు తీర్పులనూ కలిపి చదివితే, ఫోనులో పలికిన మాటకు రక్షణ దొరికిందని, ఫోను గల మనిషి పేరు మాత్రం చర్చకు రాలేదని తెలుస్తుంది.

ఈ ఖాళీని కొంతవరకు పూరించినది హైదరాబాదు నుండి వెళ్లిన వ్యాజ్యమే. స్టాంపు చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన 1986 నాటి సవరణ, బ్యాంకులలోని ఖాతాదారుల పత్రాలను సైతం తనిఖీ చేసే విస్తృతాధికారాన్ని ఇచ్చింది. కెనరా బ్యాంకు వ్యాజ్యంలో 2004లో సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టివేసింది. గోప్యత స్థలాలకు కాక మనుషులకు చెందుతుందని, పత్రాన్ని బ్యాంకుకు అప్పగించినంత మాత్రాన ఖాతాదారు దానిపై గోప్యతను వదులుకున్నట్టు కాదని ఆ తీర్పు సారం. ఇచ్చిన సమాచారం ఇచ్చిన పనికే పరిమితం కావాలన్న ఆలోచనకు ఇదొక బలమైన పునాది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి వ్యాజ్యంలో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా ప్రకటించారు. ఆ ధర్మాసనంలో విడిగా అభిప్రాయం రాసిన న్యాయమూర్తి జాస్తి చలమేశ్వర్ కృష్ణా జిల్లావారు. సుబ్బారావు భిన్నస్వరం యాభై అయిదేళ్లకు శాసనమయింది.

7. డైరెక్టరీ లేని కాలంలో పేరు

మన దేశంలో చరవాణి నంబర్లకు అందరికీ అందుబాటులో ఉండే అధికారిక డైరెక్టరీ రాలేదు. ఆ లెక్కన ప్రతి చందాదారూ నమోదు కాని నంబరు గలవాడే. కానీ అపరిచితుల పిలుపులు తగ్గలేదు. 2007లో వ్యాపార పిలుపులు వద్దనేవారి జాతీయ జాబితా అవసరమయింది. పిలుపు వద్దనుకున్నవారు తమ నంబరును మరో పట్టికలో చేర్చుకోవలసి రావడం ఇందులోని వైచిత్రి.

2009లో స్వీడన్‌లో మొదలైన ట్రూకాలర్ వంటి సేవలు పట్టిక నిర్మాణ పద్ధతినే మార్చాయి. ఒకరి ఫోనులో మరొకరు భద్రపరచుకున్న పేర్లు వాటికి ముడిసరుకు. అక్కడ మనిషి పేరు అతడు చెప్పుకున్నది కాకపోవచ్చు. ఇతరులు అతనిని గుర్తుపెట్టుకున్న తీరు. వృత్తి, దాని పక్కన ‘ఆటోనగర్’ అన్న మాట కలిసి మనిషికి ఇంటిపేరయిపోవచ్చు. ఊరిపేరు ఇంటిపేరుగా మారిన ప్రాచీన ప్రక్రియకు ఇది కొనసాగింపులా తోచినా, ఆ పేరు పెట్టినవారెవరో, ఎవరికి చూపుతున్నారో పేరు గలవానికి తెలియదు.

పేర్ల పట్టిక ఎంత ప్రమాదకరం కాగలదో అప్పుల వ్యవహారాలు చూపాయి. 2015 డిసెంబరులో విజయవాడలో వెలుగుచూసిన ‘కాల్‌మనీ’ వ్యవహారం అధిక వడ్డీల వసూలులో జరిగిన వేధింపులను చర్చకు తెచ్చింది. 2020 నాటికి తెలుగు రాష్ట్రాలలో రుణ యాప్‌ల ఆగడాలు బయటపడ్డాయి. అప్పు తీసుకున్నవారి ఫోనులోని పేర్లన్నిటినీ లాగి, బంధుమిత్రులకు ఫోను చేసి పరువు తీయడం వాటి వసూలు పద్ధతి. గుట్టు రట్టు చేయడమే ఆయుధం. ఫోనులోని పరిచయాల జాబితాను రుణ యాప్‌లు తాకరాదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో నిర్దేశించింది. సొంత ఫోనులోని పేర్ల పట్టిక ఆ ఫోను యజమానిది మాత్రమే కాదని, అందులోని ప్రతి పేరు వెనుక మరొకరి గుట్టు ఉందని ఈ ఉదంతం నిరూపించింది.

ఇప్పుడు డైరెక్టరీ మరో రూపంలో తిరిగి వస్తున్నది. పిలిచేవారి పేరును తెరపై చూపే ఏర్పాటును టెలికం నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో సిఫారసు చేసింది. చూపే పేరు కనెక్షను కోసం నింపిన దరఖాస్తులోనిది. మోసపు పిలుపులను అరికట్టడం దీని ఆశయం. ఆ ఆశయాన్ని కాదనలేం. వ్యాపార కనెక్షన్లు, పెద్ద సంఖ్యలో కనెక్షన్లు ఉన్న సంస్థలు మాత్రం తమకు నచ్చిన వ్యాపారనామాన్ని చూపుకోవచ్చన్నది ఆ సిఫారసులలో ఒకటి. నంబరును కనబడనీయని సౌకర్యం పొందిన పరిమిత వర్గాల పేర్లు ఈ ఏర్పాటులో కనిపించవు.

ఆటోనగర్‌కు వస్తే దీని అర్థమేమిటి? భార్య పేరున తీసుకున్న సిమ్ముతో షెడ్డు నడిపే మేస్త్రి ఫోను చేసిన ప్రతిసారీ ఆమె పేరు అపరిచితుల తెరపై కనిపిస్తుంది. బోర్డు మీద ఏ పేరు ఉండాలో నిర్ణయించుకోగలిగిన మనిషికి తెర మీద ఆ స్వేచ్ఛ లేదు. వ్యక్తిగత కనెక్షను దరఖాస్తులో పూర్తిగా రాసిన ఇంటిపేరు అలాగే కనిపిస్తే పొడి అక్షరం ఇచ్చిన మరుగు కూడా పోతుంది. సంస్థకు ఎంచుకునే పేరు, హోదాకు మౌనం, సామాన్యునికి దరఖాస్తు పేరు: ల్యాండ్‌లైను కాలపు అంతరాలు కొత్త సాంకేతికతలో మళ్లీ అచ్చవుతున్నాయి.

8. ముగింపు

ఈ పరిశీలన వలన మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, డైరెక్టరీ నియమాలు పట్టికను శాఖ సొత్తుగా కాపాడాయి. చందాదారు గోప్యత దాని నీడలో దొరికిన సౌకర్యమే తప్ప హక్కు కాలేదు. రెండవది, తెలుగు నామసంప్రదాయంలో ఇంటిపేరును కుదించడం, పి.పి. నంబరులో పొరుగువారి కావలి వంటి దేశీయమైన మరుగులు ఆ లోటును కొంత తీర్చాయి. యంత్రానికి ఈ మరుగులు తెలియవు. మూడవది, ప్రచురణ, దాపరికం అన్న విభజన శ్రామిక జీవితానికి సరిపోదు. షట్టరు మీద నంబరు రాయించుకున్నవాడు ఆ నంబరును బండి బాగుచేసే పనికి ఇచ్చాడు. దానితో అతని భార్య పేరు, కులం, ఖాతా, బంధువుల జాబితా ఇచ్చినట్టు కాదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతిని నిర్దిష్టమైన పనికి ముడిపెడుతున్నది. కెనరా బ్యాంకు తీర్పులోని ఆలోచనకు ఇది దగ్గర. ఆ సూత్రం పిలుపుతో పాటు కనిపించే పేరుకూ వర్తించాలి. వ్యక్తిగత కనెక్షను గల చిన్న పనివానికి కూడా తన వ్యాపారనామాన్ని, లేదా పొడి అక్షరంతో కూడిన వాడుక పేరును ఎంచుకునే వీలు ఉండాలి. పేరు ఎలా రాసుకోవాలో ఆటోనగర్ మేస్త్రి తన గోడ మీద ఎప్పుడో నిర్ణయించుకున్నాడు. చట్టం ఆ నిర్ణయాన్ని గుర్తించడమే మిగిలింది.